ఆహార శాస్త్రంలో మాంసం కొట్టేవారి పిల్లలకు చోటేది?

గత వేసవిలో మా విభాగంలో ఎమ్మెస్సీ ముగించిన ఒక విద్యార్థిని పరిశోధక ఫెలోషిప్ దరఖాస్తు నింపడానికి నా గదికి వచ్చింది. ఆమెది పాతబస్తీలోని హుస్సేనీ ఆలం. తండ్రికి చిన్న మాంసం దుకాణం ఉంది. ఫుడ్ మైక్రోబయాలజీలో తరగతిలో ఆమెదే మొదటి స్థానం. దరఖాస్తులో కులం అడిగే గడి దగ్గర ఆమె చేయి ఆగింది. ఆమె వద్ద ఉన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బీసీ-ఇ ధ్రువపత్రం. దరఖాస్తు అడుగుతున్నది కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ ధ్రువపత్రం. ‘‘సార్, జనరల్ అని పెట్టమంటారా?’’ అని అడిగింది. పెట్టమన్నాను. ఆ క్షణాన మరో దారి నాకూ తోచలేదు.

ఆమె వయసులో నేనూ ఇలాంటి దరఖాస్తే నింపాను. నా చేయి ఆగలేదు. మాది జియాగూడ. పురానాపూల్ మీదుగా మూసీ దాటితే గొర్రెలు, మేకల మండి వస్తుంది. మా నాయన తెల్లవారుజామున అక్కడ జీవాలు కొని, కోసి, పొద్దెక్కేలోగా దుకాణాలకు మాంసం వేసేవాడు. మేము ఆరెకటికలం. రాష్ట్ర జాబితాలో బీసీ-డి, కేంద్ర జాబితాలో ఓబీసీ. నా విద్యార్థిని కుటుంబం ఖురేషీలు. ఆమె తాత కూడా అదే మండిలో జీవాలు కొన్నవాడే. వాడింది ఒకే రకం కత్తి, ఒకే రకం మొద్దు. బడిలో పిల్లలు ముక్కు మూసుకున్నదీ ఒకే వాసనకు. అయినా కేంద్ర ప్రభుత్వ దృష్టిలో నేను వెనుకబడినవాణ్ని, ఆమె కాదు. ఉత్తరాది రాష్ట్రాల్లో పలుచోట్ల ఇదే పని చేసే ఖటిక్‌లు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. ఒకే వృత్తికి ఈ దేశంలో మూడు చట్టబద్ధ స్థానాలు.

దీని చరిత్ర తెలిసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం వర్గాలను గుర్తించి, బీసీ-ఇ పేరుతో 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను అందులో చేర్చలేదు. ఖురేషీ, ఖసాబ్, ముస్లిం కటిక అనే పేర్లు ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆ రిజర్వేషన్ కొనసాగుతోంది. అయితే అది రాష్ట్ర విద్యాసంస్థలకు, రాష్ట్ర ఉద్యోగాలకు పరిమితం. కేంద్ర ఓబీసీ జాబితాలో దూదేకుల వంటి కొన్ని వర్గాలు మొదటి నుంచీ ఉన్నాయి గాని, 2007 నాటి బీసీ-ఇ జాబితా అందులోకి ఎక్కలేదు. కాబట్టి నా విద్యార్థిని సైఫాబాద్‌లోని రాష్ట్ర కళాశాలలో బీసీ. అదే నగరంలోని కేంద్ర పరిశోధనా సంస్థ గేటు దాటగానే ఓపెన్ కేటగిరీ.

ఇక ఫెలోషిప్‌ల సంగతి. కేంద్రం ఓబీసీలకు ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌కు కేంద్ర జాబితాయే ప్రమాణం కనుక ఆమె అర్హురాలు కాదు. మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో కేంద్రం నిలిపివేసింది. ఇతర పథకాలతో అది కలిసిపోతోందన్నది పార్లమెంటులో చెప్పిన కారణం. ఈమె విషయంలో అది కలిసిపోయే పథకం ఏది? నిబంధన ప్రకారం ఈడబ్ల్యూఎస్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ధ్రువపత్రం కోసం వెళితే ‘‘మీరు బీసీలు కదమ్మా’’ అని తిప్పిపంపారట. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37 వేల రూపాయలు. అది లేకుండా అయిదేళ్ల పీహెచ్‌డీ చేయడం ఒక దుకాణం ఆదాయం మీద బతికే ఇంటికి సాధ్యమయ్యే పని కాదు.

దీన్ని ఒక ధ్రువపత్రం సమస్యగా చూసి వదిలేయవచ్చు. కానీ పాతికేళ్లుగా ఆహార శాస్త్రాన్ని చదివి, చెప్పిన అనుభవంలో నాకు అర్థమైంది వేరు. తరతరాలుగా ఆహారాన్ని చేతులతో ఎరిగిన కులాలు ఈ శాస్త్రంలో నమూనాలుగా, రోగులుగా, లబ్ధిదారులుగా కనిపిస్తాయి. పరిశోధకుల వరుసలో మాత్రం చాలా అరుదుగా కనిపిస్తాయి. జాబితాలోని ఆ గడి ఈ పెద్ద గోడలో ఒక ఇటుక.

ఆహార శాస్త్రానికి సంబంధించి హైదరాబాద్ సామాన్యమైన నగరం కాదు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై విచారణ కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న ప్రయోగశాల 1958లో ఇక్కడికి తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధనా సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధనా సంస్థ, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉస్మానియా సాంకేతిక కళాశాలలో ఆహార శుద్ధి సాంకేతికతలో బీటెక్ ఉంది. రుద్రూరులో, బాపట్లలో ఆహార సాంకేతిక కళాశాలలు ఉన్నాయి. ఇన్ని సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న నగరాలు దేశంలో అరుదు. చార్మినార్ నుంచి వీటిలో చాలావాటికి గంట ప్రయాణం. పాతబస్తీ పిల్లలకు మాత్రం ఆ దూరం ఒక తరంలో దాటగలిగేది కాదు.

ఈ సంస్థల కీర్తిలో పేదల పాత్ర ఎలాంటిదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య పెల్లాగ్రా వ్యాధికీ జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఉన్న సంబంధాన్ని ప్రతిపాదించారు. మొక్కజొన్న తినేవారి వ్యాధిగా ప్రపంచం ఎరిగిన పెల్లాగ్రా, దక్కన్‌లో జొన్నే ఆధారంగా బతికే కూలీలకు ఎందుకు వస్తోందన్నది వారి ప్రశ్న. ఆ వివరణ మీద తరువాత చర్చ జరిగినా, ప్రశ్న గొప్పది, పరిశోధన గొప్పది. ఆ కూలీలు ఏ కులాలవారో తెలంగాణలో ఎవరికీ చెప్పనక్కరలేదు. వారి పుండ్లుపడిన చర్మం శాస్త్రానికి ఆధారమైంది. ఆరున్నర దశాబ్దాల తర్వాత వారి మనుమలు, మనుమరాళ్లలో ఎందరు ఈ రంగంలో శాస్త్రవేత్తలయ్యారని నేను అడుగుతున్నాను. మరో విచిత్రం ఉంది. ఆనాడు పేదల రోగానికి కారణంగా చర్చకు వచ్చిన జొన్న, 2018లో కేంద్రం ‘పోషక ధాన్యం’గా ప్రకటించాక, 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తర్వాత, సూపర్ మార్కెట్లో ఖరీదైన బిస్కట్ అయింది. ధాన్యం హోదా పెరిగింది. దాన్ని పండించి తిన్నవారి హోదా అక్కడే ఉంది.

మా వాడల్లో ఉన్నదాన్ని జ్ఞానం అనడం అతిశయోక్తి కాదు. కోసిన జీవం కండరాల్లో ఆమ్లత పెరుగుతుంది. పీహెచ్ ఏడు నుంచి అయిదున్నర ప్రాంతానికి దిగుతుంది. కండరం బిగుసుకుని, కొన్ని గంటల తర్వాత మళ్లీ సడలుతుంది. మేము దాన్ని మీటర్‌తో కొలిచి పాఠంగా చెబుతాం. మా నాయన బొటనవేలితో తొడ మీద నొక్కి ఏ ముక్క కూరకు, ఏది కీమాకు, ఏది ఇంకో పూట ఆగాలో చెప్పేవాడు. హలీం వండే ఉస్తాదు రాత్రంతా భట్టీ మీద సన్నని మంటన మాంసాన్ని, గోధుమను ఉడికించి, బరువైన కర్రలతో మెదుపుతాడు. కొల్లాజెన్ జెలటిన్‌గా మారడం, పిండిపదార్థం నీరు పీల్చి చిక్కబడడం, ఆ రెండూ కలిసి తీగలా సాగడం ఆహార భౌతికశాస్త్రంలో ఒక సెమిస్టర్ పాఠం. తెలంగాణ పల్లెల్లో మాదిగ, మాల ఇళ్లలో మాంసాన్ని పొడవుగా చీల్చి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టిన తునకలు నెలల తరబడి నిలుస్తాయి. ఆహారంలో సూక్ష్మజీవులకు అందే నీటి లభ్యత 0.6 కన్నా తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగదని పుస్తకం చెబుతుంది. తునక వంచితే విరగాలని మా అత్తలు చెప్పేవారు.

ఈ జ్ఞానంతో నేను పీహెచ్‌డీకి వెళ్లాను. మేక బోటిని శుభ్రపరిచే పద్ధతులు, దాని నిల్వ కాలం నా ప్రతిపాదిత అంశం. నేను చేరిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మా గైడు మంచి మనిషి, కోపం లేనివాడు. అంశం చదివి నవ్వి, ‘‘ఈ ల్యాబులో అది ఎలా కుదురుతుందయ్యా? ఫ్రిజ్‌లో అందరి శాంపిళ్లూ ఉంటాయి. పూజ చేసుకుని వచ్చేవాళ్లున్నారు. చిరుధాన్యాలు తీసుకో, భవిష్యత్తు ఉంటుంది’’ అన్నారు. నేను జొన్న పిండి మీద పరిశోధన చేశాను. డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆయన సలహా నా జీవితానికి మేలే చేసింది. కానీ ఆ రోజు ఎవరూ నన్ను అవమానించలేదు, ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. ఒక ఫ్రిజ్ తలుపు ఆధారంగా ఒక పరిశోధన ఆగిపోయింది. కులం ప్రయోగశాలలో పనిచేసే తీరు సాధారణంగా ఇంత మర్యాదగానే ఉంటుంది.

మర్యాదకు తోడు పాఠ్యవ్యవస్థ ఉంది. మన దేశంలో మాంస సాంకేతిక శాస్త్రం ప్రధానంగా పశువైద్య విద్యలో భాగం. బీవీఎస్‌సీ చదివి, ఆపై పశు ఉత్పత్తుల సాంకేతికతలో పీజీ చేసినవారిదే ఆ రంగం. ఆహార సాంకేతికత లేదా గృహవిజ్ఞానం దారిలో వచ్చినవారికి ధాన్యాలు, పండ్లు, పాలు, బేకరీ ప్రధాన పాఠాలు. మాంసం ఒక పేపరు, కొన్నిచోట్ల ఒక యూనిట్. పశువైద్యంలో సీటు రావాలంటే ఇంటర్ బైపీసీలో మంచి కోచింగ్ కావాలి. ఇంట్లో మాంసం పని తెలిసిన పిల్లలు ఎక్కువగా చేరేది ఫీజు తక్కువగా ఉండే డిగ్రీల్లో. ఆ విధంగా పని తెలిసినవారికి ఆ శాస్త్రం అందదు, శాస్త్రం అందినవారికి ఆ పని ఇంటి నుంచి రాదు.

ఎవరు పరిశోధకులన్నదాన్ని బట్టి ఏది పరిశోధన అన్నది తేలుతుంది. దాని ఫలితం తెలంగాణ రక్తంలోనే కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. కేంద్రం 2021లో ప్రకటించిన పరిష్కారం ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన బియ్యం. నూరు గింజలకు ఒక గింజ లెక్కన ఫోర్టిఫైడ్ గింజ కలపాలన్నది ఆ పథకం. మాంసంలోని హీమ్ ఇనుమును శరీరం ధాన్యాల్లోని ఇనుము కన్నా సులభంగా గ్రహిస్తుందన్నది మొదటి సంవత్సరం విద్యార్థికీ తెలిసిన విషయం. 2014 నాటి కేంద్ర గణాంకాల ప్రకారం తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులు. కార్జం, తిల్లి, బోటి మాంసం కన్నా చౌక. వాటిని శుభ్రంగా సేకరించడం, నిల్వచేయడం, అంగన్‌వాడీ భోజనంలోకి తేవడం ఎలా అన్నది ఇలాంటి రాష్ట్రంలో ప్రధాన పరిశోధనాంశం కావాలి కదా. బియ్యంలో మాత్ర కలపడానికి కర్మాగారాలు లేచాయి. కార్జం గురించి అడిగేవారు సెలక్షన్ కమిటీల్లో లేరు.

‘శాస్త్రానికి కులమేమిటి?’ అని సహోద్యోగులు నన్ను అడుగుతుంటారు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికలను చూపుతారు. న్యాయమైన మాటే. 528 ఆహారాలున్న ఆ పట్టికల్లో మేక మెదడు, నాలుక, కార్జం, తిల్లి, బోటి ఉన్నాయి. గొడ్డు మాంసం, పంది మాంసం కూడా ఉన్నాయి. కొలిచే శాస్త్రం దేన్నీ అంటరానిదనలేదు. నా వాదనకు ఆ పట్టికే బలం. వాటి విలువ తెలియక పక్కన పెట్టలేదని అది నిరూపిస్తోంది. తెలిసిన విలువ పథకంగా, ప్రాజెక్టుగా, పీహెచ్‌డీ అంశంగా మారే మెట్టు దగ్గర ఎవరు కూర్చున్నారన్నదే ప్రశ్న.

పాతబస్తీకి దక్కిన గుర్తింపు కూడా ఇదే తీరులో ఉంది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి మాంసాహార వంటకం అది. మనం గర్వపడ్డాం. ఆ నిబంధనల్లో ఉన్నది మేక మాంసం. బస్తీల్లో రిక్షా కార్మికులు, మేస్త్రీలు తినే ‘బడే కా’ హలీం ఆ ధ్రువపత్రానికి బయటే ఉంది. గుర్తింపు సంఘానికి, పెద్ద హోటళ్లకు అందింది. రాత్రంతా భట్టీ ముందు నిలబడేవాడు సీజన్ కూలీగానే ఉన్నాడు. ఆహార శాస్త్రం అతని దగ్గరకు వచ్చేది ఒకే రూపంలో, తనిఖీ రూపంలో. 2024 అక్టోబరులో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్రం ఏడాది పాటు నిషేధించింది. ప్రజారోగ్యం దృష్ట్యా అది తప్పు కాదు. కానీ పగలగొట్టి కలిపిన మొత్తం గుడ్డును 60 డిగ్రీల వద్ద కనీసం మూడున్నర నిమిషాలు ఉంచితే సాల్మొనెల్లా భయం తీరుతుందని బండివాళ్లకు నేర్పేందుకు ఏ విశ్వవిద్యాలయం పాతబస్తీకి వచ్చింది? తనిఖీ అధికారికి జీపు ఉంది, అధ్యాపకుడికి లేదు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా ప్రాంగణంలో దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు హాస్టల్ పళ్లెంలో ఏముండాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగారు. దానికి ఎంత హింస ఎదురైందో ఆ తరం విద్యార్థులకు గుర్తుంది. కంచ ఐలయ్య 2009లో రాసిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో పశుపోషక కులాలను మాంసం, పాల ఆర్థికవేత్తలుగా నిలబెట్టారు. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహు పటోలే రాసిన పుస్తకం 2024లో ఆంగ్లంలోకి వచ్చి దేశమంతా చదివింది. సాహిత్యంలో, ఉద్యమంలో ఈ ప్రశ్న చాలా దూరం వెళ్లింది. ప్రయోగశాల గుమ్మం దగ్గర మాత్రం ఆగి ఉంది.

ఇక్కడ నా సొంతవాళ్ల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీ తప్పుతుంది. జియాగూడలో ఆరెకటికలు, ఖురేషీలు పక్కపక్కన బేరాలాడతారు. ఇంటికి వచ్చాక ‘‘వాళ్లు పెద్దది కోస్తారు, మనం కోయం’’ అన్న గీత మా ఇళ్లలో గీస్తారు. సూర్యవంశం అన్న మాట మా జాబితా పేరులోనే ఉంది. కేంద్ర జాబితాలో ఖురేషీలను చేర్చాలని మా కులసంఘాల వేదిక మీద ఒక్క తీర్మానం నేను వినలేదు. ముస్లిం సమాజంలోనూ ఖురేషీలకు పిల్లనివ్వని ఇళ్లున్నాయి. పైగా మండి జ్ఞానమంతా మగవాళ్లదే. నా విద్యార్థిని ఆ మండిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. దుకాణం వెనుక గదిలో బోటి కడిగిన తల్లిని చూస్తూ నేర్చుకుంది. కాబట్టి కులవృత్తి గొప్పదని పొగిడి పిల్లల్ని మళ్లీ కత్తి దగ్గరకు పంపడం నా ఉద్దేశం కాదు. ఆమె నక్షత్రాల మీద పరిశోధన చేయాలనుకుంటే అదీ ఆమె హక్కే. తనకు తెలిసిన దాన్ని సిగ్గుపడకుండా శాస్త్రంగా చేయాలనుకున్నప్పుడు తలుపు తెరిచి ఉండాలన్నదే నా మాట.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. మొదటిది, బీసీ-ఇ వర్గాలను కేంద్ర జాబితాలో చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం పట్టుదలగా కోరాలి. 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతం. లెక్క చేతిలో ఉన్న ప్రభుత్వం వాదనకు వెనుకాడనక్కరలేదు. అది తేలేవరకు వారికి రాష్ట్రమే పరిశోధక ఫెలోషిప్ ఇవ్వాలి. రెండవది, ఆహార, పోషణ, మాంస, పాడి విభాగాలన్నిటిలో అధ్యాపకుల, శాస్త్రవేత్తల సామాజిక వివరాలు కేడర్ వారీగా ఏటా ప్రకటించాలి. 2019లో వచ్చిన అధ్యాపక రిజర్వేషన్ చట్టం విశ్వవిద్యాలయాన్ని యూనిట్‌గా తీసుకుని ఒక మేలు చేసింది. ‘అర్హులు దొరకలేదు’ అన్న ఒక్క వాక్యం ఆ మేలును ఎన్నిసార్లు మింగిందో లెక్క బయటికి రావాలి.

మూడవది, ఆహార సాంకేతిక పట్టభద్రులకు మాంస శాస్త్రంలోకి ఏడాది వంతెన కోర్సు పెట్టాలి. బోటి, రక్తం, కార్జం, ఎండు మాంసం మీద ప్రత్యేక పరిశోధనా నిధి కావాలి, వాటికి వేరే ఫ్రిజ్ కూడా కావాలి. నాలుగవది, యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ నిబంధనలు తెచ్చింది. తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవమున్న నిపుణులను, డిగ్రీలు లేకున్నా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా నియమించుకోవచ్చు. ఆ మాట వినగానే మనకు కంపెనీల పెద్ద అధికారులే గుర్తుకొస్తారు. ముప్పై ఏళ్లు భట్టీ ముందు నిలిచిన హలీం ఉస్తాదు, తునకలు ఎండబెట్టడంలో ఆరితేరిన జోగిపేట మాదిగ మహిళ ఆ పదానికి ఎందుకు తగరో ఏ వైస్ చాన్సలరైనా చెప్పాలి. అయితే ఈ నియామకాలు రిజర్వేషన్ పోస్టులకు ప్రత్యామ్నాయం కారాదు. ఉస్తాదు తరగతి గదిలోకి రావాలి, ఆయన కూతురు అదే విభాగంలో రెగ్యులర్ పోస్టులోకి రావాలి. రెండూ కావాలి.

నా విద్యార్థిని ఇప్పుడు నగర శివార్లలో ఒక ఆహార కంపెనీలో నాణ్యత పరీక్షకురాలిగా పనిచేస్తోంది. ఉదయం ఏడింటికి కంపెనీ బస్సు ఎక్కుతుంది. రాత్రిళ్లు నెట్ పరీక్షకు చదువుతోంది. జనరల్ కటాఫ్‌కు ఇంకా కొన్ని మార్కులు తక్కువ. మొన్న ఫోన్‌లో తన పరిశోధనాంశం చెప్పింది. మేక బోటి శుభ్రత, నిల్వ. నా పాత ప్రతిపాదన గురించి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ కాగితాలు నా బీరువాలో ఇంకా ఉన్నాయి. వచ్చే ఆదివారం తెచ్చి ఇస్తానన్నాను. ఈసారి ఆ అంశాన్ని మార్చుకోమని ఆమెకు ఎవరూ చెప్పకూడదు.